కండెగాడికి నేర్పిన చదువు

కుంఠా నాకా, సోలాపూర్
8 జూన్ 2025

బిడ్డా ఋతుజా,

నువ్వు బండెక్కి సరిగ్గా వారం అయింది. నీ మేనమామ సిద్ధరాములు ఇంకా బతికే ఉన్నాడు. నువ్వు వాడికి అప్పగించి వెళ్ళిన ఎనిమిది నెలల కుక్క అంతకన్నా బాగా బతుకుతోంది. ఇద్దరం క్షేమం అని రాయడానికి మాత్రం నీ అత్త ఒప్పుకోదు.

ముందే ఒక మాట చెప్పాలి. నా ఉత్తరంలో పుస్తకాల తెలుగు చూసి నవ్వకు. నోటికొచ్చినట్టు రాస్తే మూడో మాటకు మరాఠీ, నాలుగో మాటకు హిందీ వచ్చి కూర్చుంటాయి. చిన్నప్పుడు తెలుగు బడిలో పంతులు బెత్తం పెట్టి నేర్పిన తెలుగు ఇది. ఇన్నాళ్ళకు ఒక కుక్క కోసం పెట్టె లోంచి బయటికి తీశాను.

మీ అమ్మ గోదావరి ఉండే హోట్గి రోడ్డు ఫ్లాట్‌లో కుక్కల్ని రానివ్వరు కాబట్టి, నీ పోలీసు శిక్షణ అయ్యేదాకా కండెగాణ్ణి నేను చూసుకుంటానన్నాను. ఆ మాట అన్నప్పుడు మీసం కూడా దువ్వినట్టు గుర్తు. నలభై ఏళ్ళు మరమగ్గాలు నడిపినవాణ్ణి, వేల పోగుల్ని ఒక వరసలో నిలబెట్టినవాణ్ణి, ఒక కుక్కపిల్లను నిలబెట్టలేనా అన్నాను. నిలబెట్టలేనని ఈ వారంలో తేలిపోయింది.

మొదటి రోజు మంచం కోడు దగ్గర ఒంటికి పోశాడు. రెండో రోజు నా చెప్పుల్లో. మూడో రోజు మళ్ళీ మంచం కోడే, కాకపోతే అవతలి వైపుది. బయటికి తీసుకెళ్తే గంటసేపు లోకమంతా వాసన చూసి, ఇంట్లో అడుగు పెట్టగానే గుర్తొచ్చినట్టు కాలెత్తుతాడు.

ఇక నడక సంగతి. అంచు దారాలు పేని నేనే గట్టి తాడు చేశాను. కొంతం చౌక్ దాకా వెళ్ళి రావాలని బయల్దేరాం. సందు చివరికి వెళ్ళడానికే అరగంట పట్టింది. వాడికి లోకంలో ప్రతిదీ ముఖ్యమే. ఎగిరే సంచి ముఖ్యం, మేక ముఖ్యం, మేక వేసిన పెంటికలు ఇంకా ముఖ్యం. ఎవరిదో ధోతి కొంగు గాలికి ఆడేసరికి నా చుట్టూ మూడు చుట్లు తిరిగి ఒక్క దూకు దూకాడు. నేను పాన్ దుకాణం ముందు పడ్డాను. మగ్గాలు బాగుచేసే అంబాదాసు అక్కడే ఉన్నాడు. "ఏం సిద్ధరాం మామా, కుక్కను దిప్పుతున్నవా, కుక్కనే నిన్ను దిప్పుతున్నదా?" అన్నాడు. లేచి పంచె దులుపుకున్నాను.

మీకు ఆదివారం పది నిమిషాలే ఫోన్ ఇస్తారట. ఆ పది నిమిషాలు మీ అమ్మకు ఇవ్వు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుకూ సిగ్నల్ సరిగా అందదు. నాకు ఉత్తరమే నయం.

నడుం నొప్పితో,
మామ


నాసిక్
17 జూన్ 2025

మామా,

నీ ఉత్తరం మా గదిలో పెద్దగా చదివాను. పన్నెండు మంది పిల్లలు నవ్వారు. ఇక్కడ నవ్వడానికి ఇంకేమీ లేదు కాబట్టి నీకు పుణ్యం.

నా సంగతి కూడా అంత గొప్పగా లేదు. కవాతులో అందరూ ఎడమకు తిరిగితే నేను కుడికి తిరుగుతున్నాను. కవాతు నేర్పే మా ఉస్తాద్ నన్ను వరస చివరికి మార్చాడు, అక్కడైతే నేను ఎటు తిరిగినా ఎవరికీ తగలనని. నాకూ కండెగాడికీ ఒకే బుద్ధి.

నేను రాసిచ్చిన కాగితం పోగొట్టుకున్నట్టున్నావు. మళ్ళీ రాస్తున్నాను. వాడికి వేళలు కావాలి మామా. తిన్నాక, నిద్ర లేచాక, మధ్యలో రెండు గంటలకొకసారి, తప్పకుండా బయటికి తీసుకెళ్ళు. రోజూ ఒకే చోటికి వెళ్ళు, ఒకే మాట అను. "కానియ్" అంటే చాలు. పని కాగానే, ఇంటికొచ్చాక కాదు, అక్కడికక్కడే కడక్ భాకరి, ఆ ఎండు జొన్నరొట్టె, ముక్క ఒకటి పెట్టు. ఇంట్లో పోస్తే కొట్టకు, ముక్కు అందులో రాయకు. కొడితే ఇంట్లో పోయడం మానడు, నీ కళ్ళముందు పోయడం మానేస్తాడు.

తాడు గుంజితే నువ్వు కూడా గుంజకు. స్తంభంలా ఆగిపో. తాడు వదులైన తర్వాతే అడుగు వెయ్యి. గుంజితే దారి ఆగుతుందని వాడికి వాడే తెలుసుకుంటాడు. ఈ వయసు పిల్లల మనసు పది చోట్ల ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఒకటి అడగనా? మొన్న ఆదివారం నీకు ఫోన్ చేశాను. నాలుగు నిమిషాలు మాట్లాడాను. నువ్వు "సరే, సరే, మంచిది" అని పెట్టేశావు. కండెగాణ్ణి నీ నెత్తిన పెట్టానని కోపమా? అత్త కోపంగా ఉందా?

వరస చివరి నుంచి,
ఋతుజ


కుంఠా నాకా
6 జూలై 2025

బిడ్డా,

ఈ ఉత్తరం రాస్తున్నది మామూలు మామ కాదు, కుక్కల బడి హెడ్మాస్టరు.

నాకు కోపం ఏమీ లేదు. ఫోనులో నా మాటే అంత, పొదుపు. అది వదిలెయ్. విషయం విను. రెండు గంటలకొకసారి అన్నావు కదా, నాకు గడియారం చూసే అలవాటు లేదు. నా గడియారం మగ్గమే. కాబట్టి ఒక పద్ధతి పెట్టాను. రెండు మగ్గాల మీదా తువ్వాళ్ళు నేస్తున్నాను. ఎలాగూ ఆడే మగ్గాన్ని వదిలి బయటికి వెళ్ళలేను. అందుకని మగ్గాలు రెండూ ఆపుతాను, చేతులు దులుపుకుంటాను, తాడు కడతాను, వెనక ఉన్న మట్టి జాగాకు తీసుకెళ్ళి "కానియ్" అంటాను. ఐదో రోజుకల్లా అదే క్షణంలో కానిచ్చేశాడు. భాకరి ముక్క నోట్లో పెట్టాను, సంతోషంతో నేనూ ఒకటి తిన్నాను. ఇప్పుడు నేను తాడు అందుకోక ముందే వాకిట్లో నిలబడి ఉంటున్నాడు. ఇంత తెలివి ఈ ఇంట్లో ఇంకెవరికీ లేదని నీ అత్తతో అన్నాను. "నిజమే" అంది, నా వైపు చూసి.

స్తంభంలా నిలబడే విద్య కూడా సాధన చేస్తున్నాను. పది నిమిషాల దారిలో నలభై నిమిషాలు నిలబడ్డాను. ఇద్దరు మనుషులు బస్సు ఇక్కడ ఆగుతుందా అని అడిగి నా వెనకే నిలబడ్డారు. కాసేపటికి చిన్న క్యూ తయారైంది.

ఒక్క చిక్కు ఉంది. పని రోజుల్లో వాడు బుద్ధిమంతుడు. వారపు సుట్టీ వచ్చిందంటే పోకిరీ అవుతాడు. ఆ రోజూ అవే వేళలకు తిప్పుతున్నాను, అయినా పొద్దున్నుంచీ ఇంట్లో నాలుగు చోట్ల పోస్తాడు. తనకూ సుట్టీ అనుకుంటాడో ఏమో. పోయిన సుట్టీనాడు నీ అత్త బీడీల కోసం తునికాకు నానబెట్టి, తడి గోనెపట్టలో చుట్టి మూలకు పెట్టింది. వాడు దాని మీద కాలెత్తాడు. ఆకు మొత్తం పారబోసింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, కుక్కతో మాట్లాడింది.

ఐదో రోజున వచ్చి నా ఎదురుగా నిలబడి తీర్పు చెప్పింది. "నూలు పున్నమికి మా అన్నదమ్ములు ఇంటిల్లిపాది వస్తరు. ఆనాడు ఇంట్ల ఒక్క చుక్క వడ్డదనుకో, గీ కుక్కను అంబాదాసు చేనుకు పంపిస్త. ఇగ నన్నేం అనొద్దు" అంది. అంబాదాసుకు అక్కల్‌కోట్ దారిలో చేను ఉంది. పందులు పడుతున్నాయని గొలుసుకు కట్టడానికి కుక్కను వెతుకుతున్నాడు.

నూలు పున్నమి అంటే జంధ్యాల పున్నమే కదా, ఆగస్టు తొమ్మిది దాకా వేళ ఉంది. హెడ్మాస్టరు ఉండగా నీకు భయం ఎందుకు?

మామ


నాసిక్
10 జూలై 2025

మామా,

నీ ఉత్తరంలో పై సగం చదివి నవ్వాను. కింది సగం చదివాక అన్నం తినలేదు.

గొలుసు వద్దు మామా. కండెగాడు గొలుసుకు బతకడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. పోలీసు భర్తీ పరుగులో నేను రెండుసార్లు తప్పాను. రెండోసారి ఇంకా సగం దూరం ఉండగానే కూలబడ్డాను. ఇంట్లో కడుపు నొప్పి అని చెప్పాను. నొప్పి ఏమీ లేదు, ఇక నావల్ల కాదనిపించింది, అంతే. మూడోసారి తెల్లవారుజామున హోట్గి రోడ్డు మీద పరుగు మొదలుపెట్టినప్పుడు, ఇసుక కుప్ప మీద నుంచి లేచి ఒక కుక్కపిల్ల నా వెంట పడింది. మగ్గం మీది నూలు కండెలాగా పొట్టిగా గుండ్రంగా ఉంది. అది ఉరుకుతూ కింద పడుతుంది, లేస్తుంది, మళ్ళీ ఉరుకుతుంది. దాని ముందు ఆగిపోవడానికి సిగ్గేసింది. మర్నాడు కూడా అక్కడే కాచుకుని ఉంది. ఈ ఖాకీ బట్టల్లో సగం వాడిది.

అందుకే అడుగుతున్నాను. వాణ్ణి గొలుసుకు మాత్రం ఇవ్వకు. అత్తను నేను బతిమాలుకుంటానని చెప్పు. ఇంకో సంగతి, సుట్టీనాడే ఎందుకు అలా చేస్తున్నాడో నాకు అంతుబట్టడం లేదు. ఆ రోజు నువ్వు ఏం వేరుగా చేస్తున్నావో గమనించి రాయి.

నా కవాతు కొంచెం నయం. ఇప్పుడు అందరితో పాటే ఎడమకు తిరుగుతున్నాను, కాకపోతే అరక్షణం ఆలస్యంగా.

ఋతుజ


కుంఠా నాకా
27 జూలై 2025

బిడ్డా,

నువ్వు రాసింది చదివి కండెగాడికి రెండు భాకరి ముక్కలు ఎక్కువ పెట్టాను. కారణం చెప్పలేదు, పొగరెక్కుతుంది.

గమనించమన్నావు, గమనించాను. సుట్టీనాడు నేను వేరుగా చేసేది ఏమీ లేదు. అదే మనిషిని, అదే బనియను. కొత్తగా తెలిసింది ఒకటుంది. కరెంటు పోయినప్పుడు కూడా వాడికి అదే రోగం. ఫ్యాను ఆగితే భయమేమో అనుకున్నాను. అందుకని కరెంటు పోగానే విసనకర్రతో విసిరాను. నేను విసురుతూ ఉంటే వాడు హాయిగా నా పక్కనే పోశాడు. నీ అత్త అది చూసి, "మంచిగ విసురు, జల్ది ఆరుతది" అంది.

తాడు విషయంలో మాత్రం నీ విద్య ఫలించింది. మేక పక్కన నుంచి మేకను చూడనట్టు నడుస్తున్నాడు. ధోతులు, సంచులు అన్నీ విడిచిపెట్టాడు. ఒక్క దుర్గుణం మిగిలింది. చక్కగా నడుస్తూ నడుస్తూ, ఏ కారణమూ లేకుండా నన్ను ఒక్కసారిగా రోడ్డు పక్కకు ఈడుస్తాడు. అక్కడ మేకా ఉండదు, వాసనా ఉండదు. నేను నియమం ప్రకారం స్తంభంలా నిలబడతాను. వాడు ప్రాణం పోతున్నట్టు గుంజుతాడు. మొన్న కుంఠా నాకా దగ్గర అలాగే గుంజి నన్ను మోకాలి లోతు మోరీలో దించాడు. వెంటనే టెంపో ఒకటి రయ్యిన వెళ్ళింది, ఆ టెంపోవాడు కూడా నన్ను చూసి ఏదో అన్నాడు. ఈ గుణం ఎలా మాన్పించాలో రాయి.

పున్నమి పదమూడు రోజులుంది. హెడ్మాస్టరుకు కొంచెం భయంగానే ఉంది.

తడి పంచెతో,
మామ


నాసిక్
10 ఆగస్టు 2025, ఆదివారం సాయంత్రం

మామా,

మధ్యాహ్నం నీతో మాట్లాడిన తర్వాత చాలాసేపు గ్రౌండు మెట్ల మీద కూర్చున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

నూలు పున్నమినాడు ఏం జరిగిందో అమ్మ చెప్పింది. అందుకే నీకు ఫోన్ చేసి సూటిగా అడిగాను. "వాడు నీకు భారమయ్యాడా? ఆరతికి చెప్పనా, పుణెలో మంచి ఇల్లు చూసి ఇచ్చేస్తుంది, ఇక వాడు మనకు తిరిగి రాడు, నీకిష్టమేనా?" అన్నాను. నువ్వు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సరే బిడ్డా, మంచిది, మంచిది, అట్లనే చెయ్" అన్నావు. రెండోసారి అడిగాను. అప్పుడూ అదే అన్నావు, పైగా నవ్వావు.

నిన్ను తప్పుపట్టను. ఎన్ని మంచం కోళ్ళు కడుగుతావు? కాని ఉత్తరాల్లో అంత ప్రేమగా రాసి ఫోనులో అంత తేలిగ్గా వదిలేస్తావని అనుకోలేదు. పశువుల డాక్టరు దగ్గర పనిచేసే నా స్నేహితురాలు ఆరతి శనివారం వచ్చి తీసుకెళ్తుంది. గొలుసుకన్నా అది నయం.

నువ్వు నాకోసం పడ్డ కష్టానికి దండాలు.

ఋతుజ


కుంఠా నాకా
11 ఆగస్టు 2025

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ చేసి పున్నమి సంగతి అడిగినట్టున్నావు. సిగ్నల్ వల్ల సగమే అందింది. మిగతా సగం రాస్తున్నాను. చేతిలో నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చుని చదువు.

పేటంతా మార్కండేయుడి రథం చూడటానికి కదిలింది. మగ్గం అన్నది ఎక్కడా ఆడలేదు. పొద్దున్నే కొత్త జంధ్యాలు వేసుకున్నాం. నీ అత్త అన్నదమ్ములు ముగ్గురు, వాళ్ళ పెళ్ళాంపిల్లలు, అంతా కలిసి పదిహేడు మంది దిగారు. నేను కండెగాణ్ణి తెల్లారకముందే ఒకసారి, తెల్లారాక రెండుసార్లు తిప్పాను. "వీడికి నేనే నేర్పినా, చూడుండ్రి" అని బావమరదులకు కథ మొదలుపెట్టాను. ఆ కథ నడుస్తుండగానే వాడు పెద్ద బావమరిది సంచి మీద కాలెత్తాడు. అందులో ఆయన రథం ముందు కట్టుకోవాలని తెచ్చుకున్న పట్టు పంచె ఉంది. తర్వాత చుట్టిపెట్టిన పరుపు మీద. ఆ తర్వాత పూరీల పిండి తడిపిన పళ్ళేనికి జానెడు దూరంలో. నాలుగోసారి ఎక్కడో నాకు తెలియదు, నీ అత్తకు తెలుసు, ఇంకా చెప్పలేదు.

ఆమె అంబాదాసుకు కబురు పెట్టింది. అదే భయంగా ఉంది. అంబాదాసు ఇవాళ పొద్దున వచ్చి వాడి పళ్ళు చూసి వెళ్ళాడు. నేను వాడికి, ఆమెకు మధ్య కూర్చుని ఉన్నాను. ఎంత కాలం కూర్చోగలనో తెలియదు గాని లేచే ఉద్దేశం లేదు. నీ మాట నాకు గుర్తుంది.

ఓడిపోయిన హెడ్మాస్టరు


కుంఠా నాకా
17 ఆగస్టు 2025

పోలీసమ్మ ఋతుజ గారికి,

నిన్న మీ ఆరతి గారు బుట్ట తెచ్చి కండెగాణ్ణి పట్టుకుపోయారు. "ఋతుజ చెప్పింది, మీరు సరే అన్నారట కదా" అన్నారామె. నీ నుంచి ఉత్తరం కూడా రాలేదు, అయినా నాకేమీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. పరాయి పిల్ల ముందు మా మేనకోడలు నన్ను అడగకుండానే నిర్ణయం చేసిందని ఎలా చెప్పను? "అవును, అవును" అన్నాను. తాడు నేనే విప్పి ఇచ్చాను.

చేతకానివాడి దగ్గర కుక్కను ఉంచకపోవడం న్యాయమే. వాడికి నేర్పలేకపోయిన మాట నిజం. కాని నాతో ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నేను సరే అనేవాణ్ణి కాదని నీకు తెలుసు, అందుకే అడగలేదేమో.

ఫోన్ ఆపి పెట్టెలో పెట్టాను. దాంతో ఎలాగూ ఉపయోగం లేదు.

సిద్ధరాములు


నాసిక్
24 ఆగస్టు 2025

మామా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ముందు కోపం వచ్చింది. అడగలేదంటావేమిటి, రెండుసార్లు అడిగాను, రెండుసార్లు సరే అన్నావు. ఫోన్ చేస్తే నీది ఆపి ఉంది. నాకు ఇచ్చిన పది నిమిషాలూ ఆపిన ఫోనుకు కొడుతూ గడిపాను.

తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. ఇక్కడ మాకు నేర్పేది అదే కదా, కాగితాలు ముందు పెట్టుకుని ఏం జరిగిందో తేల్చడం. ఒక పోలీసుగా ఇది నా మొదటి కేసు. తేలాక మాత్రం ఏడుపొచ్చింది.

నువ్వు వాడికి బయటికి వెళ్ళడం ఎప్పుడు నేర్పావు? మగ్గాలు ఆపినప్పుడు. మోత ఆగుతుంది, తాడు వస్తుంది, భాకరి ముక్క వస్తుంది. వాడు నీ "కానియ్" నేర్చుకోలేదు మామా, పగటిపూట మోత ఆగడాన్ని నేర్చుకున్నాడు. కరెంటు పోతే మోత ఆగుతుంది. సుట్టీనాడు పొద్దంతా మోత ఉండదు. పున్నమినాడు పేట పేటంతా చప్పుడు లేదు. వాడు తప్పు చేయలేదు, నువ్వు చెప్పిన పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

కుంఠా నాకాలో పుట్టినవాళ్ళకు మగ్గాలు ఆగితే నిద్రలో కూడా మెలకువ వస్తుంది. ఆ తేడా నీకు తట్టలేదు. ఫ్యాను అనుకున్నావు. రోడ్డు మీద వాడు ఏ కారణమూ లేకుండా పక్కకు గుంజుతాడన్నావు, గుంజిన వెంటనే టెంపో వచ్చిందన్నావు. వెనక నుంచి వచ్చే టెంపో హారన్ కొట్టకుండా వస్తుందా? ఫోనులో నేను ఏం అడిగినా సరే అంటావు.

కోప్పడకుండా ఒక్కదానికి జవాబు రాయి. నీకు వినపడదా మామా? ఎన్నాళ్ళ నుంచి?

ఉస్తాద్‌ను బతిమాలి ఇంకో రెండు నిమిషాలు తీసుకుని ఆరతితో మాట్లాడాను. కాని పుణె వాళ్ళు ముప్పై ఒకటో తారీఖు ఆదివారం పదకొండు గంటలకు హోట్గి రోడ్డులో తన ఇంటికి కారులో వస్తున్నారట. నువ్వు సరే అన్నావని విని వాళ్ళకు మాట ఇచ్చేసింది, ఇప్పుడు తను కాదనలేనంటోంది. ఇంటి పెద్దమనిషి వచ్చి కాదంటే వేరే సంగతి అంది. అమ్మతో చెప్పించాలంటే నీ చెవుల సంగతి తనకు చెప్పాలి, అది నువ్వు చెప్పాల్సిన మాట, అందుకే ఈ ఉత్తరం, నీకు అప్పటికి అందుతుందో లేదో.

నీ ఋతుజ


కుంఠా నాకా
1 సెప్టెంబర్ 2025

బిడ్డా,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది, తపాలాలో చిక్కుకున్న పదో తారీఖు ఉత్తరం కూడా దాంతోనే వచ్చింది. మూడుసార్లు చదివాను. నువ్వు మంచి పోలీసువి అవుతావు. నేరస్థుడు ఒప్పుకుంటున్నాడు.

నాకు వినపడదు. పూర్తిగా కాదు, ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం, ఊహించి సగం అందుకుంటాను. ఎనిమిది, తొమ్మిదేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. మగ్గాల మధ్య పనిచేసేవాళ్ళం అందరం సైగలతోనే మాట్లాడుకుంటాం కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాకే మొదట తెలియలేదు. చెవిటి సిద్ధరాం అని పేరు పడుతుందని భయం. ఫోనులో ఏది వచ్చినా సరే అంటే మంచివాడని పేరొస్తుంది కదా అనుకున్నాను. ఆ మంచితనమే నిన్ను ఏడిపించింది.

ఇంకొకటి నువ్వు కనిపెట్టలేనిది చెప్తాను. నా చెవుల్లో మగ్గం ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. సుట్టీనాడు, పున్నమినాడు, నిద్రలో కూడా. చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. వాడు ఆ చప్పుడు లేనితనం వినే పోశాడు. నేను మాత్రం విసనకర్రతో విసిరాను.

ఉత్తరం నీ అత్తకు చదివి వినిపించాను. ఆమెకు ఒక్కదానికే చెప్పాలనుకున్నాను, కాని నా గొంతు ఎంత పెద్దగా ఉంటుందో నాకు తెలియదు కదా, పక్కింటి యల్లమ్మ కూడా విన్నదట. చదవడం అయ్యాక తలెత్తి చూస్తే నీ అత్త నవ్వుతోంది. ఆమెకు తొమ్మిదేళ్ళ నుంచీ తెలుసట. "ఎరుకలేకనా నీ ముందలికి వచ్చి మాట్లాడుత?" అంది. నాతో ఏది చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడేది, కొట్లాటకే వస్తోందని ఇన్నేళ్ళూ అనుకున్నాను బిడ్డా. సగంసార్లు ఆమె నోరు తెరవకముందే నేను కోపం తెచ్చుకున్నాను.

తర్వాత ఆమె అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. "వాణ్ణి చేనుకు పంపుతన్న మాట నిజమే. పట్టు పంచె ఖరాబైతే కోపమొచ్చింది. గనీ వాడు పోయినంక నువ్వు ఒక్కనివే సడకు మీదికి పోతుంటే నా పానం పానంల లేదు. ఎనక బండి హారన్ గొడితే నిన్ను గుంజేది వాడే. నేను మిద్దె మీదకెల్లి ఎన్నిసార్లు చూడలే? రేపు పొద్దున పోయి తీస్కొద్దాం."

ఆదివారం ఆటో పట్టుకుని హోట్గి రోడ్డులో ఆరతి ఇంటికి వెళ్ళాం. పుణె వాళ్ళు మాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. భార్యాభర్తలు, మర్యాదస్తులు. కొత్త మెడపట్టీ తెచ్చారు, వాడికి వేసి కూడా ఉంది. కండెగాడు నన్ను చూసి గదంతా తిరిగాడు, ఒకచోట నిలబడితే కదా. ఆయన నాతో ఏదో మాట్లాడుతున్నాడు. నాకు అందలేదు. పాత అలవాటు చొప్పున "సరే, మంచిది" అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే కుక్క పుణె పోతుంది.

నీ అత్త పక్కనే ఉంది, చెప్పమంటే ఆమే చెప్పేది. కాని ఆమె నా వైపు చూసింది. తెలుగులో నాకు ఆ మాట రాలేదు. మరాఠీలో వచ్చింది. "మలా ఐకూ యేత్ నాహీ" అన్నాను. నాకు వినపడదండీ, ఫోనులో సరే అన్నది అందుకే, మా పిల్ల ఏం అడిగిందో నాకు అందలేదు, ఈ కుక్క ఇచ్చే కుక్క కాదు, నాకు కావాలి అన్నాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. నలుగురికి తెలిస్తే చచ్చిపోతాననుకున్న సంగతి అది. తెలిసింది, చావలేదు. ఆయన లేచి మెడపట్టీ విప్పబోయాడు, ఆయన భార్య వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అది కండెగాడికే ఉంచేశారు. ఆరతి టీ ఇచ్చింది. చెవుల డాక్టరు పేరు కాగితం మీద రాసి ఇచ్చింది, గురువారం వెళ్తున్నాం.

ఇక వాడి చదువు సంగతి. మళ్ళీ మొదటి నుంచి కొత్తగా నేర్పుతానని ఇంటికి రాగానే ప్రకటించాను. నీ అత్త పట్టించుకోకుండా బీడీల చాట ముందేసుకుంది. ఇవాళ సాయంత్రం రెండు మగ్గాలూ, నీ అత్త సాంచలు అనేవి, నడుస్తున్నాయనే అనుకుంటూ వాటికి వీపు పెట్టి తెగిన పోగులు ముడివేస్తున్నాను. ఆమె చాట పక్కన పెట్టి లేచి, చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి నాకు కోపం రాలేదు, ఆమె పెదవుల వైపు చూశాను.

"కరెంటు పోయింది" అంది నిదానంగా. "సాంచలు ఆగినయ్. వాణ్ణి బయటికి తీస్కపో."

తాడు తీసుకున్నాను.

మామ